కరెంటు తీసిన నీళ్లు

విజయపురి సౌత్
14-7-79

నాన్నగారికి బాలశౌరి వందనాలు. నేను కులాసా.

కరెంటు తీసిన నీళ్లలో సత్తువ ఉండదని మీరు కాలవ తూము మూసేసి వానకోసం చూస్తున్నారట. “పిండేసిన చెరుకులో రసముంటుందా?” అన్నారని చెల్లి తెరేసమ్మ రాసింది. పవర్‌హౌసులో పనిచేసే కొడుకు మాట మీరెలాగూ వినరు. అందుకని రెండు డబ్బాల్లో వడ్లు చల్లాను. ఒకదానికి డ్యాము పైనీళ్లు, రెండోదానికి చక్రాలు తిప్పి కిందికొచ్చిన నీళ్లు పోశాను. ఇరవై రోజులకి రెండూ జానెడు లేచాయి. అదను దాటిపోతోంది, రేపే తూము తీసి నారు పొయ్యండి.

గేదె ఈనిందా? గుణదల మాత మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి.

మీ బాలశౌరి

తా.క. అమ్మతో చెప్పి నాకు రెండు చొక్కాలు వదులుగా కుట్టించండి. ఏడాదిగా ఆ కిందినీళ్లే తాగుతున్నాను, పాతవాటికి బొత్తాలు పట్టడం లేదు.