రోజూ అదే నీలం బండి

గురువారం, మధ్యాహ్నం

అన్నయ్యగారికి మీ చెల్లెలు చేతులు జోడించి రాస్తున్నది.

పక్క వీధిలో ఉన్న మనిషికి ఉత్తరమేమిటని నవ్వుకోకండి. హైస్కూలు పరీక్షల తర్వాత నేను ఇంత పొడుగు రాయడం ఇదే. ఫోను చేద్దామంటే మాది రెండు గదుల ఇల్లు, ఆయన చెవిన పడకుండా మాట్లాడే మూల లేదు. మీ బళ్ళ రిపేరు షాపుకొచ్చి చెబుదామంటే మీరిద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేస్తారు. మొన్న జరిగినదాన్ని మీరు పరధ్యానం అని కొట్టిపారేశారు. అది పరధ్యానం కాదని మీకు చెప్పకపోతే ఎవరి ప్రాణం మీదికైనా వస్తుందన్న భయంతో కలం పట్టాను. ఆయన క్షవరానికి వెళ్ళారు. వచ్చేలోపు ముగించాలి.

మొన్న నేను క్యారేజీ తెచ్చేసరికి మీరు స్పేర్లు కొనడానికి వెళ్ళారు. ఆయన నర్సమ్మ బండికి ముందు చక్రం బిగించి, చేతులు తుడుచుకుంటూ, "అయిపోయింది, తీసుకెళ్ళమను" అన్నారు. పక్కన ట్రేలో పెద్ద నట్టు ఒకటి ఉంది. నాకు బండి పనేం తెలుసు? "అది దేనిదండీ?" అన్నాను. "మిగిలింది" అన్నారు, కూర మిగిలిందన్నంత తేలిగ్గా.

ఆయన తాళం నాకిచ్చి, క్యారేజీ పట్టుకుని లోపలికి వెళ్ళారు. అంతలో ఆ నర్సమ్మ వచ్చింది. "డ్యూటీకి టైమైపోతోంది, తాళం ఇవ్వండి" అంది. తాళం నా గుప్పిట్లోనే ఉంది. "కనబడటం లేదమ్మా, మా అన్నయ్య వస్తే గానీ దొరకదు" అన్నాను. "మీ షాపులో తాళం తప్ప అన్నీ దొరుకుతాయి" అని సణుక్కుంటూ స్టూలు మీద కూర్చుంది. మీరొచ్చేదాకా నేను గుప్పిట విప్పలేదు. ఆ అబద్ధానికి సాయంత్రం ప్రార్థనలో దేవుణ్ణి క్షమించమని అడిగాను. మీరు నట్టు చూసి, ముందు చక్రానికి బిగించి, "ఏం బావా, పొద్దున టీ పడలేదా?" అని నవ్వారు. ఆయనా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మిగలడం నేను ఇంట్లో రోజూ చూస్తున్నాను.

మా ముందుగదిలోని అద్దాల బీరువా సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మీరిద్దరూ పని నేర్చుకునే రోజుల్లో ఎదురుగా ఉన్న క్యాసెట్ల షాపు టీవీలో జపాను కార్టూను చూశారట కదా. అందులో వీరుడు ఎక్కే మోటారుసైకిలే విడిపోయి, అతని ఒంటికి ఉక్కు కవచమవుతుంది. "చక్రాలు వీపు మీదికి పోతాయి, టాంకు రెండుగా చీలి ఛాతీకి అతుక్కుంటుంది, సైలెన్సరు చేతికి వస్తుంది" అని పెళ్ళయిన కొత్తలో ఆయన నాకు చెబుతూంటే, ఈ మనిషికి మతి ఉందా అనుకున్నాను. తర్వాత ఆ బొమ్మలు ఒక్కొక్కటే ఇంటికొచ్చాయి. కొన్ని పాతవి, పసుపెక్కిపోయినవి, కాలో చెయ్యో లేనివి. మీరు ఎక్కడెక్కడో అడిగి విడిభాగాలు సంపాదించేవారు. ఆయన పళ్ళబ్రష్షుతో మురికి తీసేవారు. పిల్లలు లేని ఇంట్లో బొమ్మలేమిటని చుట్టాలు గుచ్చి మాట్లాడితే, "ఇవి అల్లరి చెయ్యవు, ఫీజులు అడగవు" అని ఆయన నవ్వేసేవారు. ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలుసు కాబట్టి, నేనూ వాటి దుమ్ము శ్రద్ధగా తుడిచేదాన్ని.

ఆదివారాలు మీరిద్దరూ చాప వేసుకుని కూర్చుని బళ్ళను మనుషులుగా, మనుషులను బళ్ళుగా మార్చేవారు. మీకొక నియమం ఉండేది. బండిగానైనా ఉండాలి, మనిషిగానైనా ఉండాలి, మధ్యలో వదిలితే కీళ్ళు సాగిపోతాయి. నేను దుమ్ము తుడవడానికి ముట్టుకుంటేనే మీరిద్దరూ ఒకేసారి "జాగ్రత్త" అనేవారు.

ఈ మధ్య ఒకరోజు ఎర్ర బండి బొమ్మ బీరువాలో సగంలో ఆగి కనిపించింది. అన్నీ తొడిగారు గానీ ఛాతీ పలక పక్కనే పడి ఉంది. అడిగితే, ఆయన ఒక్క క్షణం దానివంక చూసి, "నీకోసం వదిలాను. చివరిది నువ్వు పెట్టు" అన్నారు. అన్నయ్యగారూ, యాభై ఏళ్ళ వయసులో కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడ్డాను. ఆ తర్వాత ఆకుపచ్చది, ఆ తర్వాత నల్లది. రోజూ ప్రార్థన ముగించి వచ్చి, ఆయన వదిలిన ముక్క పెట్టి మురిసిపోయేదాన్ని. మొన్న ట్రేలో ఆ నట్టు చూశాక తెలిసింది. ఆయన నాకోసం ఏమీ వదలడం లేదు. వదిలినట్టు ఆయనకే తెలియడం లేదు.

అందుకే వేడుకుంటున్నాను. ఆయన చేతికి బ్రేకులు, చక్రాలు ఇవ్వకండి. అలాగని ఇంటికి పంపెయ్యకండి. ఆ షాపు గుమ్మం దాటి బయటికొస్తే ఆయన ఏమైపోతారో ఊహించలేను. రెండూ ఎలా కుదురుతాయంటారా, నాకూ తెలియదు. మీకే వదిలేస్తున్నాను.

మీ చెల్లెలు


శుక్రవారం, పొద్దున

అన్నయ్యగారికి,

నేను రాసి రెండు వారాలైంది. నా ఉత్తరానికి మీరు జవాబు రాయలేదు, చేసి చూపించారు. నిన్న గుమ్మం దగ్గర మీరు గొంతు తగ్గించి చెప్పింది విన్నాక, వంటింట్లోకి వెళ్ళి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను. పాత సామాన్ల అంగడి నుంచి నంబరు ప్లేటు కూడా లేని నీలం బండిని తెచ్చి, ఎవరో కస్టమరుదని చెప్పి పొద్దునే ఆయన ముందు పెట్టడం. ఆయన రోజంతా బిగించి ఇంటికొచ్చాక, మీరు కూర్చుని మొత్తం విప్పడం. మర్నాడు మళ్ళీ ఇంకో కస్టమరు పేరు చెప్పడం. ఇలాంటి ఆలోచన ఎవరికొస్తుంది?

ఆయన మాత్రం గ్రీజు చేతులతో, పాత హుషారుతో ఇంటికొస్తున్నారు. "ఇవాళ పోస్టుమాను బండి ఇంజను పని పట్టాను. ఎలా వాడాడో ఏమో, బోల్టులన్నీ వదులే" అంటారు. వదులుగా ఉన్నాయంటే మీరు విప్పి పెట్టారు కాబట్టేనని ఇప్పుడు అర్థమవుతోంది. వదిన నిన్న నీళ్ళ పంపు దగ్గర కలిసి, "మీ అన్నయ్యకు ముసలితనంలో పని పిచ్చి పట్టింది, రాత్రిళ్ళు నడుముకి వేడి నీళ్ళ సంచి పెట్టలేక చస్తున్నాను" అంది. అసలు సంగతి ఆమెకు మీరు చెప్పలేదని తెలిసి, నేను తలవంచుకుని వచ్చేశాను.

ఆయన్ను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇది మతిమరుపు జబ్బని, ముందుకే గానీ వెనక్కి పోదని చెప్పారు. ఆయన బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నేను రాగానే, "ఏమన్నాడు?" అన్నారు. "బలానికి మందులు రాశారండీ" అన్నాను. "చూశావా, నాకేం లేదు. డాక్టరు బండికే సైలెన్సరు పోయింది, వచ్చేప్పుడు విన్నా" అన్నారు.

బొమ్మల దగ్గర మాత్రం చూడలేకపోతున్నాను. మొన్న నల్ల బండి చెయ్యి ఎటు తిరగాలో తోచక బలవంతాన తిప్పారు. కీలులో మేకులాంటి చిన్న ప్లాస్టిక్ ముక్క తెల్లబడితే విరగబోతున్నట్టు గుర్తని ఆయనే నాకు నేర్పారు. అది తెల్లబడటం నేను చూస్తూనే ఉన్నాను. "ఆగండి" అనేలోపు విరిగింది. ఆయన ఆ చేతిని భుజం దగ్గర మళ్ళీ మళ్ళీ ఆనించి చూశారు. మర్నాటికి మరిచిపోయి, "దీన్నెవరు విరిచారు?" అని అడిగారు. నేనే అన్నాను. "చేతులా అవి, రోకళ్ళా?" అని గదమాయించారు. తిట్లు తిని ఇంత తృప్తిగా నేనెప్పుడూ లేను.

మీ నడుము జాగ్రత్త. మీకోసం కూడా రోజూ ప్రార్థిస్తున్నాను.

మీ చెల్లెలు


ఆదివారం, సాయంత్రం

అన్నయ్యా,

నెల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. ఈసారి 'గారు' పెట్టబుద్ధి కాలేదు. పిలుపుకే అన్నయ్య అయినా, తోడబుట్టినవాళ్ళు కూడా చేయని పని చేశారు మీరు. ఇప్పుడు రాయబోయేది చదివి బాధపడకండి. నేను రాయకూడదని ఆయన నా చేత మాట తీసుకున్నారు. ఆ మాట తప్పి రాస్తున్నాను.

ఇవాళ భోజనం అయ్యాక ఆయన బీరువా ముందు కూర్చున్నారు. ఒక్కోరోజు మబ్బు విడిచినట్టు మనిషి పూర్తిగా తేటపడతారు. ఇవాళ అలాంటి రోజు.

"మీ అన్నయ్యకు అబద్ధాలాడటం రాదే" అన్నారు.

"ఏమన్నారండీ?"

"ఆ నీలం బండి. మొన్న పోస్టుమానుదన్నాడు, నిన్న దర్జీదన్నాడు. క్లచ్ కవరు మీద గీత అదే, సీటు చిరుగూ అదే. మనుషుల పేర్లు మరిచిపోతున్నాను గానీ, బండిని మరిచిపోతానా?"

"మరి అడగలేదా మీరు?"

"అడిగితే రేపు ఏమిస్తాడు?"

ఆయనే చెప్పుకొచ్చారు. "మొదట కోపమొచ్చింది. నాకే బొమ్మ ఇస్తాడా అని. వాన పడినరోజు గొడుగు మరిచిపోయి వెనక్కి వెళ్ళాను. షట్టరు సగం దించుకుని, కింద కూర్చుని, నేను బిగించినవన్నీ విప్పుతున్నాడు. లేవాలంటే నడుం పట్టుకుని లేస్తున్నాడు, మళ్ళీ కూర్చుంటున్నాడు. గొడుగు తీసుకోకుండా తడుస్తూ వచ్చేశాను."

ఆరోజు తల తుడుస్తూ నేను ఎంత విసుక్కున్నానో, అన్నయ్యా. ఒక్క మాట చెప్పలేదు.

"ఇప్పుడు ఏ నట్టు ఎక్కడిదో నాకే తెలియడం లేదు" అన్నారు. "నేను బిగించింది విప్పడం కంటే, బిగించనిది వెతుక్కోవడం అతనికి పెద్ద పనైపోయింది. ఇంక చాలు. రేపు వెళ్ళి, విసుగొచ్చింది బావా, ఇంట్లో కూర్చుంటానని చెప్పేస్తాను. నాకు తెలుసన్న సంగతి మాత్రం అతనికి తెలియకూడదు. అతను పడ్డ కష్టం వృథా అయిందనుకుంటాడు."

తర్వాత బీరువా తలుపులు తీశారు. "ఇవి కూడా రేపే అతనికిచ్చేస్తాను."

"ఇవెందుకండీ? ఇంట్లోనే ఉండనివ్వండి. వాటిని నేను చూసుకుంటాను."

"ఎవరికిస్తున్నానో తెలిసుండగా ఇవ్వాలి. తర్వాత నువ్వు ఇస్తే, అది నువ్వు ఇచ్చినట్టు."

నేను మాట ఎందుకు తప్పానో ఇప్పుడు చెబుతాను. రేపు ఆయన ఆ మాట అనగానే మీరు, "ఎక్కడికి పోతావు బావా, నువ్వు లేకపోతే షాపెలా నడుస్తుంది?" అని భుజం మీద చెయ్యి వేస్తారు. మీ మనసు అలాంటిది. ఆయన కరిగిపోతారు. రేపు కాదు, మరో వారం అనుకుంటారు. ఆ వారానికి ఆయనకు ఈ ఆలోచనే ఉండకపోవచ్చు. ఇంత కష్టంలో ఆయన తనంతట తాను తీసుకున్న నిర్ణయం ఇదొక్కటే. దాన్ని ఆయనకు దక్కనివ్వండి. కాసేపు సణగండి, పని మానేసే భాగస్వామిని ఎవరైనా సణుగుతారు కదా, అంతవరకే. ఆపకండి.

బొమ్మలన్నీ తీసుకోండి. ఒకటి నీ దగ్గర ఉంచుకో బావా అని మాత్రం అనకండి. ఎలా మార్చాలో ఒక్కొక్కటీ మీకు చూపిస్తానంటున్నారు. మీకు రాక కాదని ఆయనకూ తెలుసు. మధ్యలో ఎక్కడో ఆగిపోతారు. మీరు చెయ్యి పెట్టకండి. నేనూ పెట్టను. ఎంతసేపైనా పట్టనివ్వండి.

ఇప్పటిదాకా ఇద్దరం పాత బనీను గుడ్డల్లో చుట్టి అట్టపెట్టెల్లో సర్దాం. సగం సర్దాక ఆయన చేతులాపి, "ఇవన్నీ ఎక్కడికి తీసుకెళ్తున్నాం?" అని అడిగారు.

"మీ బావ దగ్గరికండీ."

"మంచిది. అతనైతే జాగ్రత్తగా చూస్తాడు" అని మళ్ళీ సర్దసాగారు.

ఇన్నాళ్ళూ జబ్బు తగ్గించమని దేవుణ్ణి అడిగాను. ఇవాళ అది అడగలేదు. రేపు పొద్దున ఒక్కపూట ఆయన్ను ఆయనగా ఉంచమన్నాను. ఇంతకన్నా చిన్న కోరిక నేనెప్పుడూ కోరుకోలేదు, ఇంత భయపడుతూనూ కోరుకోలేదు.

ఇంకొక్క మాట. కొన్నాళ్ళకు నేను ఆయన చెయ్యి పట్టుకుని మీ ఇంటికి తీసుకొస్తాను. ఆ బొమ్మల ముందు నిలబడి, "బాగున్నాయే, ఎవరివి?" అని మిమ్మల్ని అడుగుతారు. మీవేనని చెప్పండి. ఆయనవని చెబితే, తాను ఎప్పుడు పోగొట్టుకున్నానా అని వెతుక్కుంటారు. మీవని చెబితే, చక్కగా కూర్చుని చూస్తారు.

నా ఉత్తరాలు మూడూ చింపకుండా దాచండి. ఆయనకు చూపించకండి, వదినకూ చూపించకండి. ఆయన్ను ఆపకుండా పంపేసి తప్పు చేశానా అని మీకు ఎప్పుడైనా అనిపిస్తే, అప్పుడు మీరొక్కరే తీసి చదువుకోండి.

మీ చెల్లెలు