పక్క కొట్లో నా ఫొటోకి దండ

ఖాజాగూడ

అక్కకి నమస్కారం. నేను బతికే ఉన్నాను. పోయానన్న కబురు మన ఊరిదాకా వచ్చిందట. ఫోనులో చెప్పింది చాలదని నా చేతిరాతతో రాస్తున్నాను, అమ్మకి చూపించు.

జ్వరంతో వారం రోజులు మూసిన నా కర్రీ పాయింటు సోమవారం తెరిచాను. మధ్యాహ్నం, రోజూ నా దగ్గర కూర కొనే సెక్యూరిటీ గార్డు మహేశ్ నన్ను చూసి కొయ్యబారిపోయాడు. "అక్కా, నువ్వు సచ్చిపోయినవని పక్కోళ్లు చెప్పిన్రు గదా!" అన్నాడు. పక్కన కొత్తగా పెట్టిన కర్రీ పాయింటులోకి వెళ్లి చూశాను. నా కొట్టు బోర్డు మీదున్న నా ఫొటోనే కాపీ తీసి ఫ్రేము కట్టించి, దండ వేసి, దీపం పెట్టారు. పోతూ పోతూ నా కస్టమర్లందరినీ తనకే అప్పజెప్పానని చెబుతోందట ఆ కొట్టావిడ. "ఏంటండీ ఇది?" అని అడిగాను. ఆవిడ నా వైపు చూడనే లేదు. నేనక్కడ లేనట్టే ఫొటోకి దణ్ణం పెట్టుకుని, దీపంలో నూనె పోసింది.

వకీలు వీరేశంగారి దగ్గరికి పరుగెత్తాను. "పరేషాన్ గాకమ్మా. ఫొటోలు తీసిపెట్టు, మహేశ్ సాక్ష్యం చెప్తడు. పోలీసులకు దరఖాస్తు ఇద్దాం, నోటీస్ పంపుదాం. ఇగ మానకుంటే ఆ పని ఆపాలని కోర్టుల ఇంజంక్షన్ ఆర్డర్ తెద్దాం" అన్నారు. నోటీసు అందాక ఆ కొట్టావిడ ఫొటో తీసేసింది.

బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఎవరైనా వస్తుంటే మామిడి ఒరుగులు పంపు.

కస్టమర్లు మళ్లీ వస్తున్నారు. కానీ పొట్లం అందుకుంటూ, నా వేళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో తాకి చూస్తున్నారక్కా.

పిల్లలకు నా దీవెనలు.

నీ చెల్లెలు
జయంతి