సైరన్‌కు కదిలిన చెయ్యి

గోదావరిఖని,
21-1-2008, సోమవారం.

ప్రియమైన శాలినీ,

నాయనమ్మ దీవెనలు. నేను కులాసా. ఇది ఫోనులో చెప్పగలిగే సంగతే, కానీ ఫోనులో నీవు మధ్యలో మాట్లాడతావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

నిన్న సాయంత్రం ఆరున్నరకు టీవీలో నీ సంగీత కార్యక్రమం చూశాను. మన ముందు గదిలో పదిహేడు మంది కూర్చున్నారు. పాస్టరు గారు వచ్చారు. పక్కింటి సదయ్య, సారవ్వ కుర్చీలు తామే తెచ్చుకున్నారు. నీవు నీలం చీర కట్టుకొని, ఒడిలో స్టీలు గిటారుతో కనబడగానే సారవ్వ, "అగో, మన శాంతిరాజ్ బిడ్డ. పట్నంల బువ్వ పెడ్తలేరా ఏంది, గట్ల సన్నగైంది" అన్నది. పాట మొదలైంది.

పాట చివర్లో సదయ్య ఉలిక్కిపడి లేచాడు. బొగ్గుబాయి నుంచి రిటైరై పన్నెండేళ్లయినా అతని చెవి ఇంకా డ్యూటీలోనే ఉంది. "గీ యాళ సైరన్ కూసుడేంది? బాయిల ఏమన్న అయ్యిందా?" అంటూ వాకిట్లోకి పోయాడు. అతని వెనక మరో ఇద్దరు పోయారు. నేను కదలలేదు. గోడ గడియారంలో ఆరూ నలభై ఒకటి. ఆ సమయానికి ఏ షిఫ్టుకూ సైరన్ లేదు. ఆ సైరన్ టీవీలోంచి వచ్చింది.

నీ పాటగా టీవీలో వినబడింది 1986 మార్చి 28న, గుడ్ ఫ్రైడే ఆరాధనలో మన చర్చిలో పట్టిన స్టీలు గిటారు క్యాసెట్టు. మధ్యాహ్నం మూడింటికి ఆరాధన ముగుస్తుంది, మూడింటికే రెండో షిఫ్టు సైరన్ మోగుతుంది. ఆ రోజు చివరి పాట, సైరన్ కలిసిపోయాయి. మీ తాత పెట్టెలోని ఆ క్యాసెట్టు నీవు అడిగితే జ్ఞాపకంగా ఉంచుకుంటావని ఇచ్చాను.

శాలినీ, నీవు నిన్న వాయించలేదు. శబ్దం ఏడో మెట్టు మీద ఉంటే తీగల మీద జరిపే ఉక్కు కడ్డీ నీ చేతిలో అయిదో మెట్టు మీద ఉంది. అలా నాలుగు సార్లు జరిగింది. కుడిచేతి వేళ్లు తీగలను తాకనే లేదు. చివరకు సైరన్ మోగుతుంటే దానికి కూడా కడ్డీని పన్నెండో మెట్టు దాకా జరిపావు. టీవీలో నీ ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి, "చివర్లో ఆ జారుడు ఉంది చూశారూ, దానికి మాటల్లేవు" అని చప్పట్లు కొట్టాడు. ఆయన మెచ్చుకున్నది మన బాయి సైరన్‌ను. నాకు నవ్వు రాలేదు.

ఇక్కడ మాత్రం ఏడ్చారు. "ఆమోసన్న చెయ్యి మనుమరాలికి వచ్చింది" అని మీ తాతను తలచుకున్నారు. వచ్చే గుడ్ ఫ్రైడేకు ఆ పాట నీవే మన చర్చిలో వాయించాలని పాస్టరు గారు అప్పటికప్పుడు ప్రకటించారు.

నీవు వచ్చి నిజంగా వాయించాలి. లేదా వాయించలేదని అందరి ముందు నిలబడి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. పక్కవాడి పలకలో చూసి రాసిన పిల్లను ఒక్కసారి కూడా ఊరికే వదల్లేదు. మనవరాలివని నిన్నూ వదలను.

నీ నాయనమ్మ,
సుసన్నా.


గోదావరిఖని,
9-2-2008, శనివారం.

ప్రియమైన శాలినీ,

నాయనమ్మ దీవెనలు. నీ నాలుగు పేజీల ఉత్తరం జనవరి 29న అందింది. పదకొండు రోజులు జవాబు రాయలేదు. నేను ఏ ఉత్తరానికీ ఇన్ని రోజులు తీసుకోలేదు.

అక్కడ ఎవరూ నిజంగా వాయించరనీ, ముందే పట్టిన పాట వేసి చెయ్యి ఆడించమంటారనీ రాశావు. "శబ్దం వస్తుంటే చెయ్యి ఆగకూడదు" అన్న నియమం వల్లనే, అది సైరన్ అని తెలిసీ కడ్డీ జరిపానన్నావు. నీ సొంత పాట పట్టించడానికి స్టూడియోలో పద్నాలుగు సార్లు వాయించి, ఏదీ తాత చేతికి సాటి రాలేదని ఆ క్యాసెట్టు ఇచ్చానన్నావు. అంతవరకూ అర్థమైంది. చివర ఒక వాక్యం రాశావు. "నాయనమ్మా, నలిగిపోయిన వేళ్లతో తాత అట్ల ఎట్ల వాయించిండు? నువ్వు దగ్గరుండి చూసినవు గద, చెప్పు."

తాత వాయించలేదు. నేను వాయించాను.

పెళ్లయిన కొత్తలో మీ తాత వాయిస్తుంటే నేను స్వరాలు రాసిపెట్టేదాన్ని. రాయాలంటే వాయించి చూసుకోవాలి. అలా నాకు వచ్చింది. 1985 అక్టోబరులో బాయిలో బొగ్గు తొట్టెల మధ్య పడి ఆయన కుడిచేతి మూడు వేళ్లు నలిగాయి. దవాఖాన నుంచి వచ్చాక అవి వంగలేదు. అయిదు నెలలు ఆయన అన్నం తిన్నాడు, డ్యూటీకి వెళ్లాడు, మాట్లాడలేదు. అప్పటి పాస్టరు గారు గుడ్ ఫ్రైడేకు ఒక్క పాట వాయించమని అడిగితే, ఎందుకో సరేనన్నాడు. ఇంటికొచ్చి గిటారు ముందు కూర్చున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. నేనే అన్నాను, "నువ్వు కూసో. చెయ్యి ఆడియ్యి. పరద ఎన్క నుంచి నేను వాయిస్త" అని.

ప్రసంగ వేదిక వెనక పరదా ఉంది, దాని వెనక చిన్న గది. మైకు లోపల నేను వాయించే గిటారుకు పెట్టాం. శబ్దం వచ్చేది ఒక్క స్పీకరు పెట్టెలోంచి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. ఆరాధన అయ్యాక జనం ఆయన చేతిని పట్టుకొని ముద్దు పెట్టుకున్నారు. దేవుడు వేళ్లను బాగు చేశాడన్నారు. తర్వాతి ఆదివారం ఆయన లేచి, అది నిజమేనని సాక్ష్యం చెప్పాడు. ఇక వెనక్కు తిరగడానికి దారి లేదు.

చర్చిలో దాచినందుకు నాకు బాధ లేదు. దాచుదామన్నది నేనే. కానీ ఆ మొదటి రోజు ఇంటికొచ్చి, తలుపు వేసుకొని, చాయ్ తాగుతూ ఆయన అన్నాడు, "ఇయ్యాల మంచిగ వాయించిన గద, సుసన్నా?" హాస్యమేమోనని ముఖం చూశాను. హాస్యం కాదు. "అవును" అన్నాను. పదకొండేళ్లలో నూట డెబ్బై రెండు ఆరాధనలు. ప్రతిసారీ అదే అడిగాడు. ప్రతిసారీ అవునన్నాను. తలుపు వేసి ఉన్న ఇంట్లో, మేమిద్దరమే ఉన్నప్పుడు, ఆయన ఒక్కసారి 'నువ్వు వాయించినవు' అంటే చాలు అనుకున్నాను. 1997లో పోయేదాకా అనలేదు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడూ రావడం లేదు.

ఇంకొకటి. చర్చి పుస్తకాలు నేనే రాసేదాన్ని. ఏ రోజు ఎవరు ప్రార్థించారు, ఎవరు పాడారు, ఎవరు వాయించారు, అన్నీ. నూట డెబ్బై రెండు సార్లు 'స్టీలు గిటారు' ఎదుట నా చేత్తోనే 'ఆమోసు' అని రాశాను.

నిన్ను నిలబడి చెప్పమన్నాను. నేను నిలబడకుండా నిన్ను నిలబెట్టలేను. గుడ్ ఫ్రైడేకు నీవు రావద్దు. నేను చెబుతాను.

నీ నాయనమ్మ,
సుసన్నా.


గోదావరిఖని,
22-3-2008, శనివారం.

ప్రియమైన శాలినీ,

నాయనమ్మ దీవెనలు. నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చర్చి నిండింది. నీవు వస్తావనుకొని సదయ్య, సారవ్వ కూడా వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. చివరి పాటకు ముందు నేను లేచాను. పరదా సంగతి, మైకు సంగతి, మీ తాత వేళ్ల సంగతి చెప్పాను. టీవీలో వినబడింది కూడా నా చెయ్యే అన్నాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఎవరూ కోప్పడలేదు. దానికి సిద్ధపడి వెళ్లాను.

పాస్టరు గారు లోపలికి వెళ్లి 1986 పుస్తకం తెచ్చారు. పేజీ తీసి నా ముందు పెట్టారు. "అమ్మగారూ, ఇది మీ చేతిరాతే గద. మార్చి 28, స్టీలు గిటారు, ఆమోసు. మీ పుస్తకంల ఎన్నడన్న తప్పు పోయిందా?"

"ఇది తప్పు" అన్నాను.

"మనుమరాలి మీద మాట రావద్దని నిందలు మీదేసుకుంటున్నరు" అని ముందు వరుసలో ఎవరో మెల్లగా అన్నారు. పాస్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి, "పెద్ద ప్రాణం, కూసోండి" అన్నారు. మంచివాడు. నా మాట కంటే నా రాతను నమ్మాడు. ఊళ్లో అందరికీ ఆ అలవాటు నేర్పింది నేనే.

నేను కూర్చున్నాను, కానీ గిటారు ముందు. డెబ్బై రెండేళ్ల వేళ్లకు తీగలు మీటే తొడుగులు సరిగా ఎక్కలేదు. అయినా వాయించాను. పరదా ముందు వాయించడం అదే మొదలు. రెండు చోట్ల తప్పు పోయింది. కొందరు ఏడ్చారు. పాట ముగుస్తుండగా మూడయింది, సైరన్ మోగింది. కడ్డీ తీసి పక్కన పెట్టి, చేతులు ఒడిలో పెట్టుకున్నాను. అది ఆగేదాకా అలాగే ఉన్నాను.

బయటికి వచ్చాక సదయ్య అన్నాడు, "రెండు తాన్ల తప్పినవ్ గని వదినె, అచ్చం ఆమోసన్న చెయ్యే. ముప్పయ్యేండ్లు ఒక్క ఇంట్ల ఉంటె రాకేం జేస్తది." మీ తాత వేళ్ల తర్వాత ఇది రెండో అద్భుతమన్నారు పాస్టరు గారు. చెప్పవలసింది చెప్పాను. నమ్మించడం నా పని కాదు.

సాయంత్రం సారవ్వ చాయ్ తెచ్చింది. గ్లాసు ఇచ్చి, తానూ గడప మీద కూర్చున్నది. "గన్నేండ్లు పరద ఎన్క ఉక్కపోయలేదా?" అని అడిగింది. పోసిందన్నాను. "మంచిగ వాయించినవ్ వదినె" అన్నది.

"అవును" అన్నాను. అదే మాట, నూట డెబ్బై మూడోసారి.

నిన్నటి పేజీ పాస్టరు గారిని అడిగి నేనే రాశాను. 21-3-2008, స్టీలు గిటారు, సుసన్నా. పాత పేజీలు దిద్దలేదు. ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

నీ సంగతి. ఆ టీవీ ఉద్యోగం మానమని చెప్పను. మేలో పది రోజులు సెలవు పెట్టి రా. ఆ పాట నీ చేతికి వచ్చేదాకా నేర్పుతాను. స్వరాల పుస్తకం తీసి ఉంచాను. టీవీలో పాట వేసి చెయ్యి ఆడించమంటే ఆడించు, అది వాళ్ల నియమం. కానీ నా పాట వేసినప్పుడు, చివర సైరన్ మోగితే, చేతులు ఒడిలో పెట్టుకో. ఎవరు ఏమన్నా కదిలించకు.

నీ నాయనమ్మ,
సుసన్నా.