రెండో ప్యాంటు

ప్రియమైన శ్రీవారికి,

మీరు ఫోను ఎత్తరు కాబట్టి ఉత్తరం. చించేసే ముందు ఒకసారి చదవండి.

పేగులో గడ్డ తీయించుకుని ఇంటికొచ్చిన మనిషి, నాటి నుంచీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కుట్లు లాగుతున్నాయేమో అనుకున్నాను. ఆ తరవాత డిపో మేడమీద గదికే మకాం మార్చేశాడు. అక్కడ ఏ కుట్లు లాగాయి?

పాతికేళ్ళు దూరపు బస్సు నడిపి, “టౌను బస్సు తోలేవాడూ ఒక డ్రైవరేనా” అని మీసం మెలేసిన పెద్దమనిషి, ఇప్పుడు మార్కెట్టుకీ స్టేషనుకీ మధ్య గానుగెద్దులా తిరుగుతున్నాడట. అడిగి మరీ వేయించుకున్నాడట! మీ డిపోలో పనిచేసే పక్కింటి మెకానిక్కు చెబితే తెలిసింది. మీ నోటితో ఎప్పుడు చెబుతారు?

ఇట్లు, మెకానిక్కు దయవల్ల మీ క్షేమం తెలుసుకుంటున్న,
మీ ఇల్లాలు

*

ప్రియమైన ఇల్లాలికి,

ఏ డ్యూటీ వేస్తే అది చేయాలి. ఇల్లు దూరం, డిపో దగ్గర. అంతే. మెకానిక్కుని ఇంజన్ల సంగతి చూసుకోమను.

వేళకి తింటున్నాను, మందులు వేసుకుంటున్నాను. నన్ను నా మానాన వదిలెయ్. ఇక్కడికి మాత్రం రావద్దు. వస్తే మర్యాదగా ఉండదు.

ఇట్లు, తీరిక లేని
నీ భర్త

*

ప్రియమైన అన్నది అలవాటు కొద్దీ రాశాను, మురిసిపోకండి.

నిన్న మీ బస్సెక్కాను. వెనక సీట్లో గొడుగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. వారం రోజులు ఒకే ప్యాంటు తొడిగే మనిషికి సీటు కింద ఇస్త్రీ చేసిన రెండో ప్యాంటా! స్టేషను దగ్గర ఆ కండక్టరమ్మ సంచీ అందించింది, మీరు పరుగున వెళ్ళి మార్చుకొచ్చారు. “ఇప్పుడు బాగుంది, ఎక్కండి” అంది. నా చెవులారా విన్నాను.

మీ ఒళ్ళు బాగుపడింది, సంతోషం. బాగుపడ్డ ఒళ్ళు ఇంకొకరి కోసం ముస్తాబవుతోంది. ఆదివారం మా అన్నయ్యని వెంటబెట్టుకుని వస్తున్నాను. ఆవిడ ముందే తేల్చుకుంటాను.

ఇట్లు, గొడుగు వెనక నుంచి అంతా చూసిన,
మీరు తాళికట్టిన మనిషి

*

ప్రియమైన అనుమానపు పీనుగుకి,

ఆవిడ జోలికి పోకు. నా పరువు ఆవిడే కాపాడుతోంది.

గడ్డ తీసేటప్పుడు నరాలు దెబ్బతిన్నాయి. మూత్రం వస్తున్నట్టే తెలియదు, తెలిసేసరికి ప్యాంటు తడిసిపోతుంది. అందుకే రెండు చివర్లా మరుగుదొడ్డి ఉన్న రూటు అడుక్కున్నాను. నేను తిరిగొచ్చేదాకా చిల్లర లేదని ప్రయాణికులతో తగువు పెట్టుకుని ఆవిడే బస్సు ఆపుతుంది.

చాలా, ఇంకా వినాలా? మొగుడిగా కూడా పనికిరాను. మనసు కోరినా ఒళ్ళు పలకదు. నువ్వు చెయ్యి వేస్తే ఏం చెప్పాలో తెలియక గోడవైపు తిరిగాను. నీ జాలి నాకొద్దు. విడిపోదాం. మీ అన్నయ్యకి ఒక్క ముక్క చెప్పావో, ఈ జన్మకి నీ మొహం చూడను.

ఇక దేనికీ
నీవాణ్ణి కాని నేను

*

ప్రియమైన మొండిఘటానికి,

చదివి ఏడ్చాను. తరవాత ఒళ్ళు మండింది. ఆ మంట మీదే రాస్తున్నాను.

కండక్టరుకి తెలుసు, నాకు తెలియదు! మీకు పెళ్ళాం నేనా, ఆవిడా? ఆవిడ కనబడితే దణ్ణం పెట్టాలో దెబ్బలాడాలో తెలియడం లేదు. జాలి అంటున్నారు, జాలిపడే తీరిక మీరెక్కడిచ్చారు? ఇన్నాళ్ళూ పళ్ళు నూరుకోవడమే సరిపోయింది.

ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కొన్ని నరాలు మెల్లగా కోలుకోవచ్చట, కోలుకోకపోనూ వచ్చట. మీరు రాసిన రెండు బాధలకీ మందులున్నాయట. బుధవారం ఇద్దర్నీ రమ్మన్నాడు.

ఇంకో మాట. ఆపరేషనుకి ముందు ఆయన ఇదంతా మనిద్దరికీ చెప్పాడు. “గడ్డ నరాలకి ఆనుకుని ఉంది. మూత్రం మీద అదుపు పోవచ్చు, భార్యాభర్తల సుఖం పోవచ్చు” అన్నాడు. మీరు కిటికీలోంచి మీ బస్సుని ఎవడో తోలుకుపోవడం చూసి, “క్లచ్చు తగలేస్తున్నాడు వెధవ” అని గొణుగుతూ తలూపారు. నేను ప్రతి ముక్కా విన్నాను. ఆపరేషను అయ్యాక మీరేమీ చెప్పకపోయేసరికి ఏమీ పోలేదనుకున్నాను. అందుకే ఆ పాడు అనుమానం.

మీరు బయటికి వెళ్ళాక డాక్టరు నన్ను మళ్ళీ అడిగాడు, ఆలోచించుకున్నారా అని. “ఏం పోయినా సరే, మనిషిని నాకు మిగల్చండి” అన్నాను.

అలా అడిగి మిగుల్చుకున్న మనిషి డిపో మేడమీద పడి ఉంటే చూస్తూ ఊరుకుంటానా? అన్నయ్య రాడు, ఆయనకేమీ చెప్పను. ఆదివారం నేనొక్కదాన్నే వస్తాను. నాది నేను తెచ్చుకుంటాను.

ఇట్లు, కోపం ఇంకా తగ్గని,
మీ ఇల్లాలు