తరుగు లేని సవారీ

కొత్తకోట,
నవంబరు 2022.

గౌరవనీయులైన గుర్వయ్య గారికి ఖుద్దూస్ నమస్కరించి వ్రాయునది.

మీరు కొన్న గుట్టల సైకిల్‌ను ఆలేరు లారీలో వేయించాను. పాతదే అయినా ప్రతి కీలూ విప్పి, కడిగి, కొత్త బేరింగులు వేసి బిగించాను. దీనికి ముందు చక్రం ఫోర్కులోనే కాక సీటు కింద కూడా కుదుపులు మింగే షాక్ ఒకటి ఉంటుంది. అందులో ఉండేది స్ప్రింగు కాదు, గాలి. ఎక్కే మనిషి బరువును బట్టి ఆ గాలి నింపాలి. ఎక్కువైతే రాయిలా కొడుతుంది, తక్కువైతే కూలబడుతుంది. కనుక ఎక్కేవారి బరువును చెప్పులతో, మోసే సంచీతో సహా తూచి వ్రాయగలరు. ఫోన్లో చెప్పిన కొలతను నేను నమ్మను. కాగితం మీద ఉంటే, తప్పు ఎవరిదో ఇద్దరికీ తెలుస్తుంది.

మీ మేలు కోరే,
ఖుద్దూస్, సైకిల్ మరమ్మతులు.

తా.క. దీనికి స్టాండు ఉండదు. దయచేసి వెతకవద్దు.

* * *

రాళ్లగూడెం, ఆలేరు దగ్గర.

ఖుద్దూస్ భాయ్‌కి గుర్వయ్య సలాం.

సైకిల్ ముట్టింది. వద్దన్నా గని స్టాండు కోసం జర ఎతికిన. మడ్‌గార్డు లేదు, క్యారేజీ లేదు, గంట లేదు. కూసుంటే కిందికి దిగుతాంది. సాయిలు తాత చూసి, "గిదేం సైకిల్‌రా, నీకంటె ముందు గిదే పండుకుంటాంది" అన్నడు.

మా ఇంట్ల టపా కొలువున్నది. గుట్ట మీది తండాకు ఉత్తరాలు, పింఛన్లు ముట్టియ్యాలె. బాటంత రాళ్లే. మామూలు సైకిల్ మీద తిరిగి తిరిగి నడుము పోయింది. నెలాఖరుకు టపా ఆఫీసు పై సారు వచ్చి చూస్తడట. టపా టైముకు ముట్టకపోతే తండాకు టపా పోయే బీటే ఎత్తేస్తరట. గట్లయితే తండా ముసలోళ్లు పింఛన్ కోసం గుట్ట దిగాలె, మా ఇంటి కొలువు సగమైతది. గందుకే గీ సైకిల్.

బరువంటే, వడ్లు కొనే సెంటర్ల కాంటా ఎక్కిన. మల్లేష్ తూచిండు. సంచితోని ఎనభై నాలుగు కిలోలు.

ఇట్లు,
గుర్వయ్య.

తా.క. బండి పూజ చేసినం. మెరిసే కడ్డీలకు మంచిగ పసుపు పట్టించినం.

* * *

కొత్తకోట.

గౌరవనీయులైన గుర్వయ్య గారికి,

పూజ చేసినందుకు సంతోషం. అయితే ఆ మెరిసే కడ్డీలు లోపలికీ బయటికీ జారుతుంటాయి. పసుపు లోపలికి పోతే రబ్బరు సీళ్లు చెడిపోతాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, ఇకపై బొట్టు హ్యాండిల్‌కు పెట్టండి. దేవుడు ఏమీ అనుకోడు.

దీనితో షాక్ పంపు పంపుతున్నాను. మీరు వ్రాసిన బరువుకు దాని మీటరు మీద ఎర్ర గీత గీశాను. ముల్లు ఆ గీతను తాకగానే ఆపండి. టైరు పంపును మాత్రం దగ్గరికి రానీయకండి.

మీ నడుము త్వరగా కుదుటపడాలని కోరుతూ,
ఖుద్దూస్.

తా.క. కూర్చోగానే కొంచెం దిగడం లోపం కాదని సాయిలు తాత గారికి చెప్పండి. నులక మంచమూ అంతే కదా.

* * *

రాళ్లగూడెం.

ఖుద్దూస్ భాయ్,

ఎర్రగీత దాక కొట్టిన. ఇప్పుడు బండరాయి లెక్కయింది. ఎడ్లబండి నయం. నడుము మల్ల పట్టింది, రాత్రంత ఇంట్ల కాపడమే. నెలాఖరు దగ్గరికొస్తాంది.

కూసోని ఆలోచన చేస్తే తప్పు దొరికింది. మల్లేష్ నాకు తరుగు తియ్యలే! వడ్లయితే తేమకింత, తాలు గింజలకింత అని కాంటా మీదనే కొట్టేస్తడు. నా యాల్లకు మర్చిపోయిండు. మల్ల పోయి అడిగిన. పైనుంచి కిందిదాక చూసి, "మామా, నీకు తేమ తక్వ, తాలు జాస్తి" అని ఆరు కిలోలు తీసిండు. డెబ్బై ఎనిమిదికి కొత్త గీత పెట్టి పంపు.

ఇట్లు,
గుర్వయ్య.

తా.క. సంచికి కూడ తరుగు తీస్తనన్నడు. కొట్లాడిన. అది సర్కారు టపా.

* * *

కొత్తకోట.

గౌరవనీయులైన గుర్వయ్య గారికి,

మల్లేష్ గారి అనుభవాన్ని నేను శంకించను. కానీ మనిషికి తరుగు ఉండదు. కాంటా మీద ఎంత ఉంటే సీటు మీదా అంతే ఉంటారు.

నన్ను బాధిస్తున్నది వేరొకటి. ఎనభై నాలుగు కిలోలు మోస్తూ, ఆ గాలితో అది బండరాయిలా ఉండే వీలు లేదు. అంటే షాక్ లోపల ఏదో పట్టేసింది. అలాగైతే అది నా పనిలో లోపం. సైకిల్ వెనక్కి పంపండి. ఖర్చు నాది, చెడ్డపేరూ నాదే.

పంపే ముందు ఒక్క పరీక్ష చేయండి. దీనికి కాంటా అక్కర్లేదు. షాక్ కడ్డీ మీద నల్లటి రబ్బరు ఉంగరం ఉంది. దానిని కడ్డీ మొదటికి జరపండి. ఎక్కేవారు సంచీతో మెల్లగా కూర్చుని, మెల్లగా దిగాలి. ఉంగరం కడ్డీలో పావు వంతు జరిగి ఉంటే సరి. తక్కువ జరిగితే కొంచెం కొంచెంగా గాలి వదలండి. ఎంత వదిలినా కదలకపోతే లారీ ఎక్కించండి.

క్షమాపణలతో,
ఖుద్దూస్.

తా.క. తాలు మాటకు నొచ్చుకోకండి. మా ఆవిడ అజీజా నన్ను రోజూ అంటుంది.

* * *

రాళ్లగూడెం.

ఖుద్దూస్ అన్నకు ప్రమీల నమస్కారం.

నేను గుర్వయ్య భార్యను. టపా కొలువు నాది. సైకిల్ ఎక్కేది నేను. ఆయనకు సైకిల్ తొక్కుడే రాదు.

మొన్న ఆదివారం సైకిల్‌కు తాళ్లు కడుతాండు. "ఏం చేస్తున్నవ్?" అన్న. "వాపస్ పంపుత" అన్నడు. ఎందుకని అడిగితే తాళ్లు ఇంకింత బిగిచ్చిండు. గట్టిగ అడిగితే చెప్పిండు: "గాయన బరువడిగిండు. పరాయి మొగాయనకు పెండ్లాం బరువు ఎట్ల రాస్తరే? అందుకే నాది రాసిన."

"నేను ఎక్కుతనని ఒక్క ముక్క రాస్తె ఏమాయె?"

"రాస్తె నీ బరువే అడుగుతడు గద!"

అన్నా, మీ ఉత్తరాలన్ని నేనే తెచ్చిచ్చిన. కవరు మీద ఆయన పేరుండె. పరాయి ఉత్తరం ఇప్పితే కొలువుకే మచ్చ. మొగడైనా సరే, పేరు వేరైతే పరాయే. నా నడుముకు మందు నా సంచిలనే ఏసుకొని ఆ బండరాయి మీద ఊరంత తిరిగిన.

అప్పుడు ఆయనతోనే మీ ఉత్తరం సదివిపిచ్చుకున్న. ఉంగరం జరిపి, సంచి తగిలిచ్చుకొని కూసున్న. జరంతనే కదిలింది. గాలి ఇడుసుకుంట, ఎక్కుకుంట దిగుకుంట, పావు వంతుకు తెచ్చిన. మీ పనిల లోపం లేదు. మా ఆయన సిగ్గులనే ఉన్నది.

బుధవారం పై సారు వచ్చిండు. రాళ్లు మొదలైన కాడ మోటరుసైకిల్ ఇడిచిపెట్టి నడిచిండు. ఆయన తండాకు ముట్టేసరికి నేను సగం పింఛన్లు పంచిన. రొప్పుకుంట వచ్చి, "బీటు ఎత్తేసేది లేదమ్మా, ముందుగాల నీళ్లియ్యి" అన్నడు. నడుము నొస్తలేదు.

మీ చెల్లె అనుకోండ్రి,
ప్రమీల.

తా.క. ఈసారి కవరు మీద నా పేరు రాయుండ్రి. ఎట్లైనా తెచ్చుకునేది నేనే, బాటలనే సదువుకుంట.