శనివారం మొక్కు

మునగాల, జూన్ 3

ప్రియమైన తమ్ముడు తిరుపతికి,

అక్క దీవెనలు. కోదాడలో నీ దుకాణం బాగా నడుస్తోందని విన్నాను. ఫోనులో చెబితే గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను.

మీ బావ మంగయ్య పోయి ఏడాదైంది. ఆయనతోనే చేపల సంఘంలో మా ఇంటి సభ్యత్వమూ పోయింది. ఇరవై ఏళ్లు ఆయన పక్కన చెరువులో వల విసిరిన నేను, ఇప్పుడు గట్టు మీద కూర్చుని ఇతరుల చేపలు అమ్ముతున్నాను. సభ్యత్వం కావాలంటే ఈత కొట్టి, వల విసిరి చూపాలి కదా. నేనూ చూపిస్తానంటే సంఘంలో మగవాళ్లు నవ్వారు.

"సైదక్కా, కొంగు తడిసి మునిగితే ఎవరు తియ్యాలె?"

"మీ వలలు అల్లిందెవర్రా? మీ అమ్మలే గద!" అన్నాను.

కోదాడలో ఉన్నా మన సంఘానికి అధ్యక్షుడివి నువ్వు. సాయం అక్కర్లేదు, పరీక్షకు రానిస్తే చాలు. శనివారం మాత్రం వద్దు. నీ తొమ్మిదో ఏట నీకు కామెర్లు వస్తే, నువ్వు బతకాలని మట్టపల్లి నరసింహస్వామికి మొక్కాను. అప్పటి నుంచి శనివారం చేపను, వలను ముట్టను. నీకు తెలుసు.

నీ మేలు కోరే అక్క,
సైదమ్మ

కోదాడ, జూన్ 10

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. నేనుండగా నీకు రంది ఎందుకు? నీ శనివారాలే నన్ను బతికించాయి, మరిచిపోతానా? "ఇయ్యాల సైదక్క వస్తది, రేపు ఆడోళ్లందరు వస్తరు. మనం గట్టు మీద కూసుందామా?" అని మనవాళ్లు గొణుగుతున్నారు. నేను సర్దిచెబుతాను. నీ దరఖాస్తు పంపాను. పరీక్ష తేదీ పెట్టేది మాత్రం సూర్యాపేట చేపల శాఖ ఆఫీసువాళ్లే.

నీ ముద్దుల తమ్ముడు,
తిరుపతి

కోదాడ, జూలై 2

ప్రియమైన అక్కా,

తేదీ వచ్చింది. శనివారం పడింది. నా చేతిలో లేదు, నీ మీద ఒట్టు. స్వామి ఇష్టం అనుకో. మరోసారి చూద్దాం.

తిరుపతి

మునగాల, జూలై 20

తిరుపతికి,

ఆ శనివారం దీపం పెట్టి, గట్టు మీద నిలబడి చూశాను. పరీక్షకొచ్చిన పిలగాళ్లలో ఇద్దరి వలలు విచ్చుకోనే లేదు. అయినా వాళ్లు సభ్యులయ్యారు. నా పేరు ఎదుట 'హాజరు కాలేదు' అని రాశారు.

మరో తేదీ అడుగుదామని సూర్యాపేట వెళ్లాను. పక్కింటి రజని తోడొచ్చింది. ఆఫీసులో అమ్మాయి ఫైలు తిప్పి, "తేదీ మేం పెట్టలేదమ్మా, మీ అధ్యక్షుడే అడిగిండు" అని కాగితం చూపింది. 'శనివారమైతే మా సభ్యులందరికీ వీలు' అని ఉంది. కింద సంతకం చూసే పని లేకపోయింది. నీ 'శ'కు తోక ఎక్కువ. చిన్నప్పుడు నీ చేయి పట్టి దిద్దించింది నేనే. ఆ తోక ఎంత దిద్దినా తగ్గలేదు.

వాళ్లు నవ్వితే ఓర్చుకున్నాను. నువ్వు మాత్రం నీ ప్రాణం కోసం మొక్కిన మొక్కునే నాకు అడ్డం వేశావు.

నిన్న మట్టపల్లి వెళ్లి కొబ్బరికాయ కొట్టాను. "పిలగాడు బతికిండు, బాగానే బతుకుతుండు. ఇగ నన్ను ఇడువు స్వామీ" అని చెప్పుకున్నాను.

మళ్లీ దరఖాస్తు పెట్టాను. రజని కూడా పెట్టింది. ఏ రోజు కావాలని అడిగితే శనివారమే రాశాను. సభ్యులందరికీ వీలు కదా.

నువ్వు కూడా వచ్చి గట్టు మీద కూర్చో.

సైదమ్మ