నక్షత్రం మీద నిలువెత్తు దిబ్బ

ప్రియమైన అక్కకు,

నా లెక్కలు దేని గురించని అడిగావు కదా. చిన్న ఊరంత జాగాలో సూర్యుడంత బరువు కుక్కేసిన నక్షత్రాలున్నాయి. వాటిలో కొన్ని, పరమాణువు లోలోపల ఉండే క్వార్కులనే రేణువులతోనే గట్టిపడి ఉండొచ్చని మా అనుమానం. అంత బరువు లోపలికి లాగుతుంటే వీటిలో మామూలు నక్షత్రం మీద గోరంత బొడిపె నిలవడమే గొప్ప. నా లెక్కలో క్వార్కు నక్షత్రం నిలువెత్తు దిబ్బను మోస్తోంది. అలా ఒకవైపు ఉబ్బిన నక్షత్రం గిరగిరా తిరిగితే ఆకాశమే సన్నగా వణుకుతుంది. ఆ వణుకు పట్టే యంత్రాలున్నాయి.

వ్యాసం వచ్చే వారం పంపుతున్నాను. నా డాక్టరేట్ దాని మీదే నిలబడి ఉంది. ప్రొఫెసర్ అప్పుడే చంకలు గుద్దుకుంటున్నారు.

నీ చిట్టి

చిట్టీ,

మూడుసార్లు చదివాను. నిలువెత్తు దిబ్బ దగ్గర వర్క్‌షాపులో లేత్ ఆపించి అందరికీ చదివి వినిపించాను. "మీ చెల్లెలు మామూలు మనిషి కాదు మేడమ్" అన్నాడు వెల్డరు. "నాకు తెలీదా" అన్నాను.

ఒక్క సందేహం. పొడుగు కడ్డీని రెండు చివర్లా పట్టి తిప్పితే నడుమ తన బరువుకే కుంగుతుంది. అది చూసుకోకపోతే పని పాడైనట్టే. నీ దిబ్బకీ బరువుంటుంది కదా, అది తిరిగి నక్షత్రాన్ని లాగదా? తెలియక అడుగుతున్నాను, నవ్వుకో.

ప్రేమతో, అక్క

చిట్టీ,

రెండు నెలలైంది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నా అధిక ప్రసంగానికి నొచ్చుకున్నావా? ఇనుము కోసుకునేదాన్ని, నక్షత్రాల్లో వేలు పెట్టాను. ఆ మాట మరిచిపోయి, బాగున్నానని ఒక్క ముక్క రాయి.

అక్క

అక్కా,

నొచ్చుకోలేదు, నవ్వనూ లేదు. దిబ్బ లాగుడు ఎంతలే అని, పని తేలికవుతుందని, మొదటి లెక్కలో పక్కన పెట్టేశాను. నీ ఉత్తరం అందిన రోజే వ్యాసం ఆపాను. ప్రొఫెసర్ రుసరుసలాడారు.

"ఎవరడిగారు ఈ ప్రశ్న?"

"మా అక్కండి. లేత్ వర్క్‌షాపు నడుపుతుంది."

ఆయన నా లెక్కల కాగితాలు మళ్ళీ మొదటి నుంచీ తిరగేశారు.

ఈ రెండు నెలలూ ఏదీ వదలకుండా లెక్కంతా కొత్తగా వేశాను. దిబ్బ సగానికి, నడుమెత్తుకు దిగింది. బాధపడకు. ఇప్పటికీ అది మామూలు నక్షత్రాలు మోయలేనంత ఎత్తే. పైగా ఈ లెక్కను ఇక ఎవరూ కదపలేరు. నిన్న వ్యాసం పంపించాం.

పంపాక ప్రొఫెసర్ నీ ఉత్తరం అడిగి తీసుకున్నారు. నిలబడే మొత్తం చదివారు. మడతపెట్టి నా చేతికిస్తూ మెల్లగా అన్నారు: "ఇది నేనడగాల్సిన ప్రశ్నమ్మా."

నీ చిట్టి